మాచిపత్రి పొగ

పోయిన వారం మనం వదిలిపెట్టిన చోట పొయ్యీ ఆరలేదు, తగవూ ఆరలేదు.

పొయ్యికి ఇటు షిజామో, అటు ఆమె అత్త చూజామో. ఇద్దరి మధ్యా వెదురుకర్ర మీద షిజామో కూతురు అగా కొత్త రవిక చేతులు చాచి వేలాడుతోంది. దాని కింద పెంకులో మాచిపత్రి మంట లేకుండా పొగలు కక్కుతోంది.

“తియ్యత్తా దాన్ని. ఎర్రదారం నల్లబడుతుంది. రెండు నెలలు కూర్చుని కుట్టుకుంది పిల్ల.”

“నల్లబడితే నల్లబడనీ. దారం రంగు చూసి ఎవరూ సంబంధం మానుకోరు.”

“నిన్న ఒకసారి పట్టావుగా పొగ. మళ్ళీ ఇవాళ ఎందుకు?”

“నిన్నటిది పండక్కి. ఇవాళ్టిది రేపు వచ్చే ముక్కుకి.”

గుమ్మంలో కూర్చుని జడ అల్లుకుంటున్న అగా తలెత్తకుండానే అంది. “నాయనమ్మా, రేపు నేను పొగపట్టిన పందితొడలా ఉంటాను. కుక్కలు వెంటపడతాయి.”

“కుక్కలు వెంటపడితే తోలొచ్చే. మాట వెంటపడితే తోలలేం.”

బయట వాకిట్లో రాతిమీద కత్తి నూరుతున్న లాచే గొంతు వినిపించింది. “పండగపూట అత్తాకోడళ్ళు కలిసి ఇంట్లోవాళ్ళకి పొగబెడుతున్నారు. నేనూ గొర్రే బయటే ఉంటాం, మాకు ఇదే సుఖం.”

ఎవరూ నవ్వలేదు. మామూలు రోజైతే ముసలావిడ కొడుకుని నాలుగు తిట్టి తనే ముందు నవ్వేది.

మూడురోజుల కిందట వచ్చిన ఆ ముక్కు సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పీఠభూమి అవతలి ఊరినుంచి అగాని చూడటానికి వచ్చిన పెద్దావిడ, పిల్ల మెడపట్టీ మీద కుట్టుపని చూసే నెపంతో వంగి, వంగినది వంగినట్టే ఉండి, గట్టిగా ఊపిరి పీల్చింది. తర్వాత ఏమీ అనలేదు. కాల్చిన బంగాళాదుంపలు రెండు తింది, కారం బాగుందంది, “పండగ రెండోరోజు దోలోహోలో, గొడుగుల వలయంలో పాడేటప్పుడు చూస్తాం పిల్లని” అని వెళ్ళిపోయింది. అగా ఆ సాయంత్రం పశువుల కొట్టం వెనక్కి వెళ్ళి తన భుజం తనే వాసన చూసుకోవడం షిజామో చూసింది. చూసి, చూడనట్టు వచ్చేసింది.

మా కొండల్లో సంబంధం అనుకోగానే మొదట అడిగేది వేరు, అంటే వంశం. అందం తర్వాత, పశువులు తర్వాత. ఆ వేరులో చంకల వాసన ఉందన్న మాట ఒక్కసారి పడితే, ఆ ఇంటిపిల్లను చేసుకునేవాడుండడు, ఆ ఇంటికి పిల్లనిచ్చేవాడూ ఉండడు. ఒకళ్ళతో పోదు, మనవల మనవల దాకా వస్తుంది. వాసన ఉందో లేదో ఎవరూ తేల్చరు. మాట పడిందా లేదా అన్నదే లెక్క.

ఈ ఇంటిమీద ఆ మాట పడి ఇరవయ్యారేళ్ళయింది.

“నీకు తెలీదే షిజా,” చూజామో రవికను కర్రతో పొగమీదకి ఇంకాస్త వంచింది. “నువ్వు ఏ మచ్చాలేని ఇంట్లో పుట్టావు. నేనూ అక్కడే పుట్టాననుకో. కానీ నేను కన్న మా ఇలోకి అంటింది ఎక్కణ్ణించి అంటిందో. తల్లి ముక్కుకి బిడ్డ వాసన తెలీదంటారు, నిజమే. నాకెప్పుడూ తెలీలేదు. నువ్వు దాని పక్కలో పడుకుని పెరిగినదానివి, నీకు తెలిసింది. పాటలో నోరుజారావు. నిజమే కదా జారావు, నీమీద నాకు కోపం లేదని ఎన్నిసార్లు చెప్పాను?”

“అత్తా, ఇప్పుడవన్నీ...”

“చెప్పనీ. మా లాచేకి పిల్లనివ్వమని నేను పదకొండు గుమ్మాలెక్కాను. నీళ్ళివ్వడానికి కూడా చెయ్యి దూరం పెట్టి ఇచ్చారు. అప్పుడు నువ్వు మీ నాన్నతో చెప్పావు, మేనత్త ఇంటికే పోతానని. తెలిసి తెలిసి వచ్చావు. అది నేను చచ్చేదాకా మర్చిపోను. అగా, విన్నావా? మీ అమ్మలాంటి మనిషి ఈ లోయలో లేదు.”

“వెయ్యిసార్లు విన్నాను,” అంది అగా.

షిజామో పెంకు వైపు చూసింది. పెళ్ళయిన పాతికేళ్ళలో అత్త ఈ మాట అన్నప్పుడల్లా ఆమె చేతికి ఏదో ఒక పని దొరికేది. ఇవాళ దొరకలేదు.

*

చూజామో కూతురు ఇలోమో మధ్యాహ్నానికి వచ్చింది. పదకొండేళ్ళ తర్వాత రావడం. సంత దగ్గర బండి దిగి, ఏరు దాటి, ఎత్తంతా నడిచి వచ్చింది. నల్ల ఉన్ని దుప్పటి భుజాలమీద, వీపున బుట్ట, బుట్టలోంచి పైకి గుడ్డచుట్టిన పసుపు గొడుగు.

లాచే ఎదురెళ్ళి బుట్ట అందుకున్నాడు. “అక్కా, గొడుగు ఇంకా దాచావా! ఎలకలు కొట్టలేదూ?”

“మా ఊరి ఎలకలు నీకన్నా మర్యాదస్తులురా తమ్ముడూ. అక్క వస్తువులు ముట్టుకోవు.”

అందరూ నవ్వారు. మాటలో ఇలో మారలేదు. మొహం మాత్రం తల్లి మొహంకన్నా ముసలిదైంది. పెనిమిటి పోయిన చలికాలంలో పోయాడు. పిల్లల్లేరు.

తల్లి ఆమె చెంపలు రెండూ పట్టుకుని చూసి, ముక్కు చీదుకుని, “రా, పొయ్యి దగ్గరికి రా” అంది. ఇలో పొయ్యి దగ్గరికి రాలేదు. గుమ్మం పక్కన, గాలి బయటికి పోయేచోట, గోడకి ఆనుకుని కూర్చుంది. మోచేతులు రెండూ డొక్కలకి అంటించుకుని కూర్చుంది. అగా ఇచ్చిన పులుసు గిన్నెను మణికట్టు దాకానే చాచి అందుకుంది. భుజం కదల్లేదు.

వెనక పదకొండేళ్ళ కిందట మామగారి చావుకి వచ్చినప్పుడు కూడా ఇలో ఇలాగే కూర్చుంది. అప్పుడు ఇల్లంతా జనం, ఏడుపులు. షిజామో అది దుఃఖం అనుకుంది. అనుకోవడానికి వీలుగా ఉంది కాబట్టి అనుకుంది.

“రేపు వలయంలో నువ్వే ముందు గొడుగట కదే,” ఇలో మేనకోడల్ని అడిగింది. “ఊళ్ళో పాడేవాళ్ళందరూ నిన్నే ఎంచారట? మీ అమ్మ గొంతు వచ్చిందా?”

“అమ్మ గొంతు నేనెప్పుడూ వినలేదత్తా. పాడదుగా. గొర్రెల్ని పిలిచినా ఈలే వేస్తుంది.”

“పాడదా?” ఇలో షిజామో వైపు చూసింది. “ఎందుకే?”

“గొంతు పోయింది,” అంది షిజామో. “కాగడాలు కట్టాలి, పద వదినా. చీకటిపడేలోగా ఏడు కావాలి.”

*

ఇంటి వెనక ఎండిన మాచికాడలు నిలువెత్తు కుప్పగా ఉన్నాయి. లాచే వేసవిలోనే కోసి ఎండబెట్టాడు. లేత ఆకు అత్త పొగకి, ముదురు కాడ పండగ కాగడాకి. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కాడలు పిడికిటపట్టి, నారతో బిగించి కట్టసాగారు. చిన్నప్పుడు ఇలాగే కట్టేవాళ్ళు. ఇలో పట్టుకుంటే షిజా ముడివేసేది. ఇప్పుడూ అంతే, ఎవరూ చెప్పకుండానే చేతులు ఆ పద్ధతిలోకి వెళ్ళిపోయాయి.

రెండు కాగడాలయ్యాక ఇలో అంది. “నిన్నో మాట అడగాలని ఇంతదూరం వచ్చాను. పండక్కి కాదు.”

“అడుగు.”

“నిజం చెప్పాలి. నువ్వు చెప్తావనే నిన్ను అడుగుతున్నా. నా మొహంమీద నిజం చెప్పినదానివి నువ్వొక్కత్తివే. అందరూ దాచారు, అమ్మతో సహా. నువ్వు దాచలేదు. అప్పుడు నిన్ను చంపెయ్యాలనుకున్నాననుకో. తర్వాత తర్వాత అర్థమైంది.” ఆమె గొంతు తగ్గించింది. “అగాకి ఉందా?”

“ఏమిటి?”

“నాటకాలాడకే. నాది. మేనత్త పోలిక మేనకోడలికి వస్తుంది. ఉంటే ఇప్పుడే చెప్పు, రేపు దాన్ని ఆపుదాం. కడుపునొప్పి అందాం, కాలు బెణికిందందాం. నాకు జరిగినట్టు దానికి వలయం మధ్యలో జరగకూడదు. ముప్పైమంది పాడుతుంటే, నడుస్తూ, గొడుగు పట్టుకుని, తనూ పాడుతూ... నాకు ఆ మాట నా నోటితోనే పాడాల్సొచ్చింది షిజా. ముందు గొడుగు ఏం పాడితే వెనకవాళ్ళు అది తిరిగి పాడాలి కదా. నేనూ పాడాను. సగం పాడాక అర్థమైంది.”

షిజామో చేతిలో నార తెగింది.

ఆ మధ్యాహ్నం ఆమెకు ఎన్నడూ మసకబారలేదు. ఆరో నెల, వాన వెలిసిన ఎండ, గడ్డిమైదానం నిండా పసుపు గొడుగులు. ఒకరి చేతిగుడ్డ కొస ఇంకొకరు పట్టుకుని ఎడమవైపుగా నడిచే వలయం. పద్దెనిమిదేళ్ళ షిజా ముందు గొడుగు. ఆ ఏడు లోయలో ఆమె గొంతుకి సాటిలేదన్నారు. కానీ చెట్టుకింద కూర్చున్న పెద్దలు ఆమె గొంతు వింటూ ఇలోని చూస్తున్నారు. ఆమె ఏం పాడినా, ఎంత పైకి పాడినా, వాళ్ళ తలలన్నీ ఇలో నడిచినవైపే తిరుగుతున్నాయి. ఏటవతలివాళ్ళు ఇలోకి మాట కలుపుకోవడానికి వచ్చి ఆ పెద్దల పక్కనే కూర్చున్నారు. మూడో చుట్టులో, అనుకుని కాదు, అనుకోకుండానూ కాదు, ఆమె నోటికి వచ్చింది.

పసుపు గొడుగు నీడలో పువ్వొకటి పూసింది
గాలి దగ్గరికొచ్చి ముఖమెందుకు తిప్పింది?

దోలోహో అని ముప్పై గొంతులు అందుకున్నాయి. చెట్టుకింద తలలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి. తనవైపు. తను కోరుకున్నట్టే. ఆ తర్వాత మళ్ళీ ఇలోవైపు తిరిగాయి, ఈసారి వేరేగా. ఏటవతలివాళ్ళు సాయంత్రం విందుకి ఆగలేదు.

“చెప్పవే,” అంది ఇలో. “ఉందా?”

“లేదు.”

“ఒట్టు?”

“లేదు వదినా. అగాకి లేదు.” షిజామో తెగిన నారను వేలికి చుట్టుకుంది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. “నీకూ లేదు.”

“సర్లే. నన్ను ఊరడించమని అడగలేదు నేను.”

“నీకు లేదు. అప్పుడూ లేదు. ఎప్పుడూ లేదు. నీ పక్కన పదేళ్ళు పడుకున్నాను, ఒకే దుప్పట్లో. నీ దగ్గర గడ్డివాసన వచ్చేది. నేను అబద్ధం పాడాను.”

కొట్టంలో గొర్రె అరిచింది. లాచే దాన్ని ఏదో ముద్దుగా తిట్టాడు. ఇలో చేతిలో కాడల కట్ట అలాగే ఉంది, ముడికోసం ఎదురుచూస్తూ.

“ఎందుకు?” అంది.

“అందరూ నిన్నే చూస్తున్నారని.”

“అంతేనా?”

“అంతే. ఇంకా ఏదైనా ఉంటే బాగుండేది. వెతికాను. ఇరవయ్యారేళ్ళు వెతికాను, ఇంకేం లేదు.”

ఇలో ఏడవలేదు. తిట్టలేదు. షిజామో చెంపదెబ్బకి సిద్ధపడే కూర్చుంది. అది రాకపోయేసరికి కూర్చున్నచోట కూర్చోలేకపోయింది.

“నా మొగుడు,” అంది ఇలో, కాగడాని ఒళ్ళో పడుకోబెట్టుకుని, “దాథే, నీకు తెలుసుగా, ముసలాడు, రెండో పెళ్ళి. మొదటిరోజే చెప్పాడు. ‘ఏమీ లేదే నీ దగ్గర, రోజూ తినే చేదురొట్టె వాసన తప్ప’ అన్నాడు. నేను నమ్మలేదు. జాలిపడి అంటున్నాడనుకున్నా. ప్రతి ఏడూ అనేవాడు. ప్రతి ఏడూ పోట్లాడేదాన్ని, నీ అబద్ధాలు నాకొద్దని. పొయ్యికి ఆ పక్కన పడుకోబెట్టాను మనిషిని. పిల్లలు కావాలని అడిగాడు. ‘నా వేరు ఇంకొకరికి అంటించను’ అన్నాను. వద్దన్నది నేనే. ఆయన ఒక్కమాట అనలేదు.” ఆమె ఆగింది. “పోయేముందు రోజు కూడా దగ్గరికి పిలిచి, నా మెడమీద ముక్కుపెట్టి, ‘చూడు, ఏమీ లేదు’ అన్నాడు. ‘చచ్చేముందైనా నిజం చెప్పు’ అని కసిరాను.”

షిజామో నోరు తెరిచింది.

“మాట్లాడకు. క్షమించమని మాత్రం అడక్కు. అడిగితే ఈ కాగడాతో కొడతాను.”

“అడగను.”

“ఇరవైనాలుగేళ్ళు ఒక నిజం చెప్పేవాణ్ణి పట్టుకుని అబద్ధాలకోరన్నాను. ఇప్పుడు ఆయనకెవరు చెప్తారు? ఏ పూజారిని పిలిచి చెప్పించను?” ఇలో కట్టని ఒళ్ళోంచి తీసి షిజామో ముందు పెట్టింది. “ముడి వెయ్యి. ఇంకా నాలుగు కావాలి.”

షిజామో ముడివేసింది. ముడి జారింది, మళ్ళీ వేసింది. ఇలో చూసింది కానీ సాయం పట్టలేదు.

“ఇప్పుడు వెళ్ళి అత్తకి చెప్తాను. లాచేకి చెప్తాను,” అంది షిజామో.

“చెప్పి? ఇంట్లో చెప్పింది ఇంటికప్పు కిందే ఉంటుంది. దోలోహోలో పాడినమాట దోలోహోలోనే పోవాలి, నీకు తెలీదా? ఉజా అవ్వ గుర్తులేదూ?”

గుర్తులేకపోవడమేమిటి. ఇద్దరూ అప్పటికి ఆరేడేళ్ళ పిల్లలు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని చూశారు. పెళ్ళికాని పిల్లలు మాత్రమే పట్టే ముందు గొడుగును అరవయ్యేళ్ళ ఉజా అవ్వ పట్టుకుంది. పడుచుతనంలో పక్కింటివాణ్ణి గొర్రెలదొంగ అని పాడిందట. ఆ గొర్రె ఎముకలు తర్వాతెప్పుడో తోడేలు గుహలో దొరికాయట. ముసలి గొంతుతో తన మాటను తనే వెనక్కి పాడుకుంది. వెనక పిల్లలు వణుకుతూ తిరిగి పాడారు. పెళ్ళయిన ఆడది ముందు గొడుగు ముట్టుకోవడానికి మా వైపు ఆ ఒక్క కారణం తప్ప వేరే కారణం లేదు. గొడుగు పట్టుకుంది అంటే చాలు, చిన్నపిల్లకి కూడా అర్థమవుతుంది, ఈమె ఒకనాడు అబద్ధం పాడింది అని.

“ఆ తర్వాత ఏడాదిపాటు ఆవిడ పొయ్యి దగ్గర ఎవరూ తినలేదు,” అంది ఇలో. “చుట్టాలు కూడా. కొడుకులు ఆ పక్కింటివాళ్ళ దగ్గరికి వెళ్ళి తలవంచారు. ఆవిడది ఎవరి మాట? ఒక గొర్రె మాట. నీది వేరు మాట. నువ్వు పాడితే మా అమ్మకి పుట్టిల్లు ఉండదు, అది నీ పుట్టిల్లే కదా. లాచే మీ అన్నదమ్ముల మొహం చూడడు. రేపు వచ్చేవాళ్ళు అగాని వేరు మంచిదే కానీ తల్లి మంచిది కాదు అంటారు.”

“మరి ఏం చెయ్యమంటావు వదినా?”

“నన్నడుగుతున్నావా?” ఇలో మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూడలేక షిజామో కళ్ళు దించుకుంది. “అప్పుడు నన్నడిగే పాడావా?”

*

సాయంత్రం గొర్రె కోశారు. పిడికిలంత ముక్కలు ఉప్పుతో ఉడికి, వెదురుబుట్టలో పొగలు కక్కుతూ పొయ్యి పక్కకి వచ్చాయి. చేదురొట్టెలు, పులియబెట్టిన ఆకుల పులుసు, కాల్చిన మిరపకాయల పొడి. ముందు పెద్దలకి చూపించే వాటా తీసి, చూజామో నాలుగు మాటలు గొణిగి, అందర్నీ తినమంది. ఏడు కాగడాలు గుమ్మం బయట గోడకి ఆనించి ఉన్నాయి. అన్నాలయ్యాక పొయ్యిలోంచే మొదటిదాన్ని ముట్టించి, ఇల్లు చుట్టి, చేలు చుట్టి, పురుగునీ రోగాన్నీ కాల్చి రావాలి. లోయలో అక్కడక్కడా అప్పుడే నిప్పులు కదులుతున్నాయి.

లాచేకి నాలుగు గుక్కలు పడ్డాయి, మాటలు వస్తున్నాయి. “అక్కా, మీ ఊళ్ళో గొర్రెకి ఇంత కొవ్వుంటుందా? నిజం చెప్పు.”

“ఉంటుంది. గొర్రెకే ఉంటుంది. ఇక్కడైతే కాపరికి కూడా.”

“చూశావా అమ్మా, పదకొండేళ్ళకి వచ్చి నా పొట్టమీద పడింది.”

“ఇద్దరూ తిని మాట్లాడండిరా,” అంది తల్లి. ఆమె మొహంలో పండగ ఉంది. కూతురూ కొడుకూ ఒక్క పొయ్యి చుట్టూ కనబడి ఎన్నాళ్ళయిందో.

ఇలో గుమ్మం పక్కనే కూర్చుంది, అదే చోట, అదే తీరు. ఇంటివెనక మాటలు అసలు జరగనట్టే కూర్చుంది. నిజం తెలిసి ఒక పూట కూడా కాలేదు. ఒళ్ళు ఇరవయ్యారేళ్ళనుంచి నేర్చుకున్నది ఒళ్ళు మర్చిపోతుందా. షిజామో ముక్క నోట్లో పెట్టుకుంది. నమలడం గుర్తుంది, మింగడం గుర్తులేదు.

“అగా, మేనత్తకి పులుసు పొయ్యవే.”

అగా లేచింది. పొగ పట్టించిన రవిక వేసుకుని ఉంది. కొత్త ఎర్రదారం మెడ దగ్గర నిజంగానే కమిలింది. గిన్నె నింపి, రెండు చేతులా పట్టుకుని, మేనత్త ముందు వంగి, ఇచ్చింది.

మోచేతులు డొక్కలకి అంటించుకుని ఇచ్చింది. మణికట్టు దాకానే చాచి.

ఇలో కూడా మణికట్టు దాకానే చాచి అందుకుంది. ఆ ఇద్దరి మధ్యా గిన్నె చాలా చిన్న దూరం ప్రయాణం చేసింది. పదిహేడేళ్ళ పిల్ల, మూడురోజుల కిందటి దాకా గుమ్మం పైకొక్కెం నుంచి ఒంటిచేత్తో పెరుగుకుండ దించే పిల్ల.

ఇలో కూడా అది చూసింది. గిన్నె పట్టుకుని షిజామో వైపు తిరిగింది. పులుసు తాగలేదు.

“ఉండు, ఉండు,” అంటూ చూజామో పెంకులో మాచిపత్రి నిప్పుమీద వేసి లేచింది. “రేపు నువ్వూ మైదానానికి వస్తావు కదే ఇలో. దారంతా నడిచావు, చెమట. బట్టలకి పట్టిస్తాను. చేతులెత్తు తల్లీ.”

“అమ్మా, తినేటప్పుడేంటి,” అన్నాడు లాచే.

“నీకు తెలీదు, ఊరుకో. చేతులెత్తవే.”

ఇలో గిన్నె కిందపెట్టింది. షిజామో మొహంలోకి సూటిగా చూస్తూ రెండు చేతులూ మెల్లగా పైకెత్తింది. నలభయ్యయిదేళ్ళ ఆడది, చిన్నపిల్లలాగ. తల్లి వంగి, ఎంతో శ్రద్ధగా, కూతురి చంకల కిందికి పొగ విసరసాగింది.

“మీ అమ్మకి దండం పెట్టుకో అగా,” అంది ముసలావిడ పొగలోంచి, దగ్గుతూ. “ఇలాంటి ఇంటికి తెలిసి వచ్చింది. ఇంకొకత్తయితే...”

“అత్తా.”

షిజామో గొంతు పెద్దది చెయ్యలేదు. అయినా లాచే నమలడం ఆపాడు. ఆమె గొంతులో ఏదో కొత్తగా ఉంది. అగా తల్లి మొహంలోకి చూసింది. ఎన్నడూ పాడని ఆ గొంతు పాటకి ముందు సరిచేసుకున్నట్టుగా ఉంది.

“ఏమే?”

షిజామో ఎంగిలిచెయ్యి పక్కన తుడుచుకుంది. లేచి గోడకి వేలాడుతున్న అగా పసుపు గొడుగును దించి, ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కూర్చుంది. అందరి వైపూ ఒకసారి చూసింది. మొగుడి వైపు, కూతురి వైపు, అత్త వైపు. చివరికి ఇలో వైపు.

“రేపు అగా నా వెనక నడుస్తుంది. ముందు గొడుగు నేను పట్టుకుంటాను.”

లాచే చేతిలోని ముక్కను తిరిగి బుట్టలో పెట్టాడు. పెంకులో మాచిపత్రి పొగ ఇంటికప్పు దాకా నిలువుగా లేచింది. ముసలావిడ విసరడం మానేసింది.

ఇలో ఎత్తిన చేతులు దించలేదు.